‘ఎస్సీలు లేవుండ్రి’ అన్నాక మొదలైన పరీక్ష

2021 నవంబర్ 12, శుక్రవారం. పాలమూరు వైపు ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల, మూడో తరగతి గది. నేనప్పుడు బీఈడీ చదువుతున్నాను. అందరూ నాస్ అని పిలిచే జాతీయ సాధన సర్వేకు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లుగా మాలాంటి విద్యార్థులనే పంపారు. సీలు వేసిన కవరు, ప్రశ్న పుస్తకాలు, ఓఎంఆర్ షీట్లు పట్టుకుని ఎనిమిదింటికే బడికి చేరాను. గదిలో 22 మంది పిల్లలు. మాస్కులు గడ్డం కిందికి జారి ఉన్నాయి.

ఓఎంఆర్ షీటులో జవాబుల కంటే ముందు నింపాల్సిన వివరాలు కొన్ని ఉంటాయి. ఆడపిల్లా మగపిల్లాడా, ఏ సామాజిక వర్గం, ఏదైనా వైకల్యం ఉందా. వాటికోసం అడ్మిషన్ రిజిస్టర్ కావాలని అడిగాను. అది బీరువాలో ఉంది, బీరువా తాళం హెచ్ఎం దగ్గర ఉంది, హెచ్ఎం గారు ఇంకా రాలేదు. క్లాస్ టీచర్ మంచి మనిషే. నా తొందర చూసి, సాయం చేద్దామనే అనుకుంది. ‘రిజిస్టర్ దేనికి మేడం, ఇప్పుడే చెప్త’ అని పిల్లల వైపు తిరిగింది.

‘ఎస్సీలు లేవుండ్రి.’

తొమ్మిది మంది లేచారు. ఒక పాప సగం లేచి, పక్క పిల్లను చూసి, మళ్లీ కూర్చోబోయి, చివరికి లేచింది. వాళ్లను కూర్చోబెట్టి ‘ఇగ ఎస్టీలు’ అంది టీచర్. తండా పిల్లలు ఐదుగురు. తర్వాత బీసీలు ఎనిమిది మంది. ఓసీలు అని ఆమె పిలవనేలేదు. గదిలో ఎవరూ మిగల్లేదు.

నేను పెన్నుతో గుండ్రాలు నింపుకుంటూ పోయాను. ఆపమని అనలేదు. నేను మాదిగ పిల్లను. నాలుగో తరగతిలో స్కాలర్‌షిప్ ఫారాల కోసం నన్నూ ఇలాగే నిలబెట్టారు. ఆ రోజు మోకాళ్లు ఎలా వణికాయో నాకు ఇంకా గుర్తుంది. అయినా ఆపమని అనలేదు. టైమైంది కాబట్టి పుస్తకాలు పంచి, ‘మొదలుపెట్టండి’ అన్నాను.

ఆ తర్వాతి గంటన్నరలో ఆ పిల్లలు పెట్టిన గుర్తులు దేశంలోని సుమారు 34 లక్షల మంది పిల్లల గుర్తుల్లో కలిసిపోయాయి. 720 జిల్లాలు, లక్షా 18 వేల బడులు, 22 భాషలు. కొన్ని నెలల తర్వాత నివేదిక వచ్చింది. మూడో తరగతి భాషలో జాతీయ సగటు 500కు 323, గణితంలో 306. ఆ సంఖ్యల్లో నా గది కూడా ఉంది. అప్పటి నుంచి ఏ నివేదిక తెరిచినా నాకు ముందు ఆ సగం లేచిన పాపే కనిపిస్తుంది.

ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో 6, 7 తరగతుల అబ్బాయిలతో కార్లా హాఫ్, ప్రియాంక పాండే చేసిన ప్రయోగం మనలో చాలామంది క్లాసులో చదివే ఉంటారు. కాగితం మీద గీసిన చిక్కుదారుల్లోంచి బయటికి దారి కనుక్కోవాలి. కులం ఊసెత్తనప్పుడు పై కులాల పిల్లలకూ కింది కులాల పిల్లలకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందూ తండ్రి పేరు, కులం చదివి వినిపించాక కింది కులాల పిల్లలు వెనకబడిపోయారు. చిక్కుదారులు అవే. రీమా హన్నా, లీ లిండెన్ల అధ్యయనం దిద్దేవాళ్ల వైపు నుంచి చూసింది. జవాబు పత్రాల మీద కులాన్ని లాటరీ పద్ధతిలో మార్చి రాసి టీచర్లతో దిద్దించారు. కింది కులం అని రాసి ఉన్న పత్రాలకు మార్కులు తగ్గాయి. ఇవి చదివినప్పుడు నాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు. నేను చేసిన పనికి పేరు మాత్రం దొరికింది.

ఇక్కడిదాకా చదివినవాళ్లు నేను ఈ పరీక్షలన్నీ రద్దు చేయమంటున్నానని అనుకోవచ్చు. మా యూనివర్సిటీ సెమినార్లలో ఆ మాట తరచూ వింటుంటాను. ప్రామాణిక పరీక్షలు ప్రపంచ బ్యాంకు కుట్ర అనీ, పిల్లల్ని అంకెలుగా మార్చే పని అనీ, బాల్యాన్ని కొలవకూడదనీ అంటారు. అందులో కొంత నిజం ఉంది. కానీ ఆ మాట అనేవాళ్లలో ఎక్కువమంది పిల్లలు ఫీజులు కట్టే బడుల్లో చదువుతారు. అక్కడ వారం వారం టెస్టు ఉంటుంది. పేరెంట్స్ మీటింగులో మార్కు మార్కుకూ లెక్క చెబుతారు. కొలత వద్దనే సిద్ధాంతం మా వాడ పిల్లల దాకా వచ్చాకే గుర్తుకొస్తుంది.

మా నాయిన ఏడో తరగతి దాకా బడికి పోయాడు. ఆరేళ్ల పాటు పై తరగతికి పంపుతూ వచ్చారు. చదవడం వచ్చిందా అని ఒక్కరూ ఆయన్ని కూర్చోబెట్టి చూడలేదు. ఆరేళ్లు వెనక వరసలో కూర్చున్నాడు. ఏడో తరగతి పరీక్షలో తప్పాడు, బడి అయిపోయింది. ఆయనకు సంతకం వచ్చు, బస్సు బోర్డు రాదు. ఎవరూ కొలవకపోవడం మా నాయినకు స్వేచ్ఛ కాలేదు. ఆరేళ్లు ఎవరికీ కనబడకుండా పోవడం అయింది.

బాబాసాహెబ్ ఈ విషయాన్ని ఎలా చూశాడో చెప్పాలి. 1927 మార్చి 12న బొంబాయి శాసనమండలిలో విద్యా పద్దు మీద మాట్లాడుతూ ఆయన ఒక లెక్క ముందు పెట్టాడు. ప్రాథమిక బడిలో చేరిన ప్రతి వంద మందిలో నాలుగో తరగతికి చేరేది 18 మందే. మిగతా 82 మంది మళ్లీ నిరక్షరాస్యతలోకి జారిపోతున్నారు. బడిలో అడుగుపెట్టిన పిల్లవాడు జన్మంతా మరిచిపోలేనంతగా చదువు నేర్చాకే బయటికి రావాలి, ప్రాథమిక విద్య ఉన్నదే అందుకు, అన్నది ఆయన వాదన. అంటే బడిలో ఎంతమంది చేరారన్నది కాదు, ఎంతమందికి చదువు నిలిచిందన్నది లెక్క. ఇప్పుడు మనం పునాది అక్షరాస్యత అనీ, అభ్యసన ఫలితాలు అనీ పేర్లు పెట్టుకున్న చర్చ ఇదే.

ఆయన అక్కడితో ఆగలేదు. అదే ప్రసంగంలో బొంబాయి రాష్ట్ర జనాన్ని వర్గాలుగా విడదీసి ఎవరికి ఎంత చదువు అందిందో వేర్వేరుగా చూపాడు. కాలేజీ చదువు దగ్గరికి వచ్చేసరికి, రెండు లక్షల జనాభాకు ముందున్న హిందువుల్లో వెయ్యి మంది ఉంటే, అంటరానివాళ్లు ఉన్న వెనుకబడిన వర్గంలో ఇంచుమించు సున్నా. మొత్తం రాష్ట్రానికి ఒకే సగటు చెప్పి ఊరుకుని ఉంటే ఆ సున్నా ఎవరికీ కనబడేది కాదు. సగటు అన్నది ఎవరిని దాస్తుందో ఆయనకు తెలుసు. దాదాపు నూరేళ్ల తర్వాత మన జాతీయ పరీక్షలను ఆ గీటురాయి మీద పెట్టి చూడాలి.

ఇప్పుడు పరీక్షలకు కొదవ లేదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వే చేస్తోంది. గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి, పిల్ల చేతిలో రెండో తరగతి స్థాయి పాఠం పెట్టి చదివిస్తారు, తీసివేతలు, భాగహారాలు చేయిస్తారు. 2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. 2026–27 నాటికి మూడో తరగతి ముగిసేలోపు ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు రావాలని గడువు పెట్టుకుంది. నాస్ స్థానంలో ఎన్‌సీఈఆర్‌టీలోని పరఖ్ సంస్థ 2024 డిసెంబర్ 4న రాష్ట్రీయ సర్వేక్షణ్ జరిపింది. 3, 6, 9 తరగతుల పిల్లలు 21 లక్షల మందికి పైగా రాశారు.

వచ్చిన అంకెలు నిద్ర పట్టనిచ్చేవి కావు. పరఖ్ ప్రకారం మూడో తరగతిలో 99 దాకా అంకెలను పెద్దవీ చిన్నవీ వరసలో పెట్టగలిగినవాళ్లు 55 శాతం. ఆరో తరగతిలో పదో ఎక్కం దాకా వచ్చినవాళ్లు 53 శాతం. అసర్ 2024లో, ప్రభుత్వ బడుల్లోని మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. ఇది 2022లో 16.3 ఉండేది కాబట్టి పెరిగిందని సంబరపడ్డాం. నిజంగానే పెరిగింది, దాన్ని తీసిపారేయను. మిగతా 76 మంది సంగతి?

ఆ 76 మంది ఎవరని అడిగితే నివేదికలు ఇచ్చే జవాబు ‘ప్రభుత్వ బడి పిల్లలు’. అసర్ పట్టికల్లో ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి, ఆడ, మగ ఉంటాయి, కులం ఉండదు. పత్రికల్లో అదే శీర్షికగా వస్తుంది, టీవీలో అదే చర్చ అవుతుంది, చివరికి మా పీహెచ్‌డీ సినాప్సిస్‌లోనూ అదే చేరుతుంది. నా గదిని ఒకసారి గుర్తు చేసుకోండి. తొమ్మిది, ఐదు, ఎనిమిది, ఆ తర్వాత మిగిలినవాళ్లు లేరు. ఆ ఊళ్లో ఓసీలు లేక కాదు. ఆ పిల్లలు పొద్దున్నే పసుపు వ్యాను ఎక్కి మండల కేంద్రానికి పోతారు, వాళ్లతోపాటు డబ్బు సర్దుకోగలిగిన బీసీల పిల్లలూ పోతారు. మిగిలిన బడికి ప్రభుత్వ బడి అని పేరు. ప్రభుత్వం, ప్రైవేటు అన్న తేడా నిజానికి చాలా ఊళ్లలో కులానికి పెట్టిన మర్యాద పేరు. మన పరిశోధకులు వాడే ‘మొదటి తరం అభ్యాసకులు’, ‘అననుకూల నేపథ్యం’ కూడా అటువంటివే. ఎవరి నేపథ్యం, ఎవరు అననుకూలం చేశారు అన్న ప్రశ్న రాకుండా చూసే మాటలు. నా సినాప్సిస్‌లోనూ మొదట ఆ మాటలే రాశాను. ఇంగ్లిష్‌లో అవి హుందాగా ఉంటాయి.

నాస్ 2021 నివేదికలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, జనరల్ అని వేరు సగటులు ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. జాతీయ స్థాయిలో జనరల్ పైన, ఎస్సీ ఎస్టీలు కింద. ఊహించనిదేమీ లేదు. కానీ అక్కడితో ఆగిపోతే అది మా పిల్లల మీద ఇచ్చిన తీర్పుగా మిగులుతుంది, ఎస్సీ పిల్లలకు లెక్కలు రావు అన్నట్టు. ఆ ఎస్సీ పాప చదివే బడిలో ఎంతమంది టీచర్లు ఉన్నారో దాని పక్కన కనబడదు. 2024–25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయి, వాటిలో 33 లక్షల మందికి పైగా పిల్లలు. వాటి సంఖ్యలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఒక్క టీచరు ఐదు తరగతులు చెబుతూ, మధ్యాహ్న భోజనం లెక్క రాస్తూ, యాప్‌లో ఫొటోలు ఎక్కిస్తూ ఉంటే, మూడో తరగతి పాపకు 99 దాకా అంకెలు రాకపోవడం ఎవరి ఫెయిల్యూర్? కులాన్ని, టీచర్ల సంఖ్యను, ఇంటి భాషను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టినప్పుడే ఆ ప్రశ్న పాప దగ్గర్నుంచి లేచి ప్రభుత్వం దగ్గరికి పోతుంది.

ఎస్సీ అన్నది కూడా ఒక సగటే. తెలంగాణలో 59 కులాలు ఆ ఒక్క గుండ్రంలో ఇమిడి ఉన్నాయి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ఆ కులాలను మూడు గ్రూపులు చేసింది. ఉద్యోగాల పంపకానికి గుర్తించిన తేడాను మూడో తరగతి చదువు దగ్గర ఎందుకు చూడకూడదు? డక్కలి పిల్లకు, ఉద్యోగస్తుల ఇంటి మాదిగ పిల్లకు, మాల పిల్లకు ఒకే అంకె ఇస్తే, అందులో డక్కలి పిల్ల మళ్లీ కనబడకుండా పోతుంది. ఈ మాటతో మన ఉద్యమంలోనే కొందరికి కోపం రావచ్చు.

తండా పిల్లల విషయం ఇంకా చిత్రం. నాస్ 22 భాషల్లో జరిగింది, అందులో లంబాడీ లేదు, గోండీ లేదు, కోయ లేదు. మా గదిలోని ఐదుగురికీ బడి తెలుగు రెండో భాష. అదీగాక ఆ ఏడాది మూడో తరగతి పిల్లలంటే ఎవరు? ఒకటో తరగతి 2020 మార్చిలో కరోనాతో మధ్యలో ఆగింది. రెండో తరగతి ఏడాదంతా తెలంగాణలో ప్రాథమిక బడులు తెరుచుకోలేదు, పాఠం టీవీలో వచ్చింది. టీవీ లేని ఇంట్లో అదీ లేదు. 2021 సెప్టెంబర్ 1న బడి తెరిచారు. నవంబర్ 12న పరీక్ష. రెండున్నర నెలలు.

ఇక్కడ ఒక పాత ముచ్చట గుర్తుకొస్తుంది. 2009 పీసా పరీక్షలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలు పాల్గొన్నారు, 74 ప్రాంతాల్లో చివరి వరసలో నిలిచారు, కిర్గిజ్‌స్తాన్ ఒక్కటే వాళ్ల కింద. భారత ప్రభుత్వం ఏమంది? ప్రశ్నలు మన పిల్లల సామాజిక, సాంస్కృతిక నేపథ్యానికి సరిపోలేదు అంది. తర్వాతి విడతల నుంచి తప్పుకుంది. దేశం ప్రపంచం ముందు చెప్పుకున్న మాట ఇది. అదే మాట తండా పిల్ల దేశం ముందు చెప్పుకోవాలంటే? ప్రశ్న నా భాషలో లేదు, బొమ్మలోని ఇల్లు నా ఇల్లులా లేదు అని ఆ పిల్ల అంటే, సర్వే నుంచి తప్పుకునే హక్కు ఆమెకు లేదు. ‘కనీస స్థాయి కంటే దిగువ’ అన్న గడిలో పడుతుంది.

పరీక్ష ఫలితం పరువుతో ముడిపడితే ఏమవుతుందో కూడా తెలుసు. నాస్ 2017లో రాష్ట్రాల సగటులు అసర్ వంటి స్వతంత్ర సర్వేలతో పోలిస్తే చాలా ఎక్కువగా ఉన్నాయని డగ్ జాన్సన్, ఆండ్రెస్ పరాడో లెక్కకట్టి చూపారు. సర్వేకు ముందు వారాల తరబడి మోడల్ పేపర్లు రుద్దించిన బడులను నేనే చూశాను. అక్కడ పిల్లలు నేర్చింది గుండ్రం నింపడం.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది రెండు తేదీల మధ్య దూరం. పరఖ్ సర్వే 2024 డిసెంబర్ 4న జరిగింది. డిసెంబర్ 16న కేంద్రం విద్యాహక్కు నిబంధనలు సవరించింది. ఇకపై 5, 8 తరగతుల్లో తప్పినవాళ్లకు రెండు నెలల్లో మరో పరీక్ష, అందులోనూ తప్పితే అదే తరగతి మళ్లీ. బడి నుంచి తీసేయకూడదని రాశారు, మంచిదే. కేంద్రం నడిపే బడులకే అన్నారు, కానీ చాలా రాష్ట్రాలు అప్పటికే ఆ దారి పట్టాయి. సర్వే ఫలితాలు బయటికి వచ్చింది 2025 జులైలో. అంటే పిల్లలు ఎందుకు నేర్వడం లేదో తెలియకముందే శిక్ష ఎవరికో తేలిపోయింది. ఐదో తరగతిలో రెండుసార్లు తప్పిన పదేళ్ల మాదిగ పిల్లవాడు తమ్ముడి పక్కన కూర్చుని మళ్లీ అదే పాఠం వింటాడా, పత్తి చేనుకు పోతాడా? బాబాసాహెబ్ లెక్కలోని 82 మంది ఎక్కడికి పోయారో మా నాయినను అడిగితే చెబుతాడు.

అదే 2024 నవంబర్‌లో తెలంగాణలో ఇంటింటి కులగణన జరిగింది. గణకులుగా ప్రాథమిక బడుల టీచర్లనే వేశారు కాబట్టి, బడులు ఒంటిపూట నడిచాయి. పొద్దున పిల్లలకు పాఠం చెప్పిన టీచరు మధ్యాహ్నం వాళ్ల ఇళ్లకు వెళ్లి కులం రాసుకుంది. రాబోయే జనగణనలో కులం ఉంటుందని 2025 ఏప్రిల్ 30న కేంద్రం చెప్పింది. కులాన్ని లెక్కించడం దేశాన్ని చీల్చడం అనే వాదన ఇప్పుడు చెల్లదు. మరి ఆ లెక్క చదువు దగ్గరికి కూడా రావాలి. ఎవరికి ఎంత భూమి ఉందో కులం వారీగా అడుగుతున్నప్పుడు, ఎవరి పిల్లకు చదవడం వచ్చిందో కులం వారీగా చెప్పడానికి అభ్యంతరం ఏమిటి? పిల్లల పేర్లు, బడి పేర్లు తీసేసి, మిగతా డేటా మొత్తం పరిశోధక విద్యార్థుల చేతికి అందేలా పెట్టాలి. రాష్ట్రాల ర్యాంకుల చార్టులు మాకు అక్కరలేదు.

ఆ లెక్క తీసే పద్ధతి మాత్రం నేను చేసినట్టు ఉండకూడదు. కులం వివరాలు పరీక్షకు వారం ముందే రిజిస్టర్ నుంచి పిల్లల సంఖ్యకు జతపడాలి. పరీక్ష రోజు గదిలో ఎవరి నోటా ఆ మాట రాకూడదు. ఓఎంఆర్ షీటు మీద ఆ గడే ఉండకూడదు. మాకిచ్చిన శిక్షణలో పెన్ను రంగు గురించి, షీటు మడవకపోవడం గురించి చెప్పారు. కులం ఎలా అడగాలో, ఎలా అడగకూడదో ఎవరూ చెప్పలేదు. నేను మాదిగ పిల్లనై ఉండీ నాకు తట్టలేదు. పని త్వరగా అయిపోవడమే ముఖ్యం అనిపించింది.

ఆ రోజు కట్టలన్నీ సీలు చేసి బయటికి వస్తుంటే గేటు దగ్గర ఒక తల్లి నిలబడి ఉంది. పత్తి ఏరి నేరుగా వచ్చినట్టుంది, నడుముకు గుడ్డ అలాగే కట్టి ఉంది. లోపల ఢిల్లీ వాళ్ల పరీక్ష అవుతోందని ఎవరో చెప్పారట. ‘మేడం, మా పిల్లకు చదువు వస్తుందా?’ అని అడిగింది. ఏ పిల్ల అన్నాను. చూపించింది. సగం లేచిన పాప.

నాస్ ఫలితాలు జిల్లాకు, రాష్ట్రానికి, దేశానికి వస్తాయి. బడికి రావు, పిల్లకు రావు, తల్లికి అసలే రావు. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. పాపను పిలిచి, నా సంచిలో ఉన్న దినపత్రిక తీసి, పెద్ద అక్షరాల శీర్షిక చూపించాను. పాప వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. రెండు మాటలు చదివింది. మూడో మాటలో ఒత్తు దగ్గర ఆగిపోయింది. తల్లి పాప నోటి వైపే చూస్తూ ఉంది. ‘వస్తుందమ్మా, ఇంకా నేర్పాలి’ అన్నాను. ‘ఎవరు నేర్పుతరు మేడం?’ అని ఆమె మళ్లీ అడిగింది. అప్పటికే నా ఆటో వచ్చింది.